పంపు పోలేదు, ఐదు వోల్టులు పోయినయి

మా దిక్కు ప్రొక్లెయిన్ బూమ్, అంటే దాని పెద్ద చేయి, జర నెమ్మదిగా లేస్తే చాలు, చుట్టూ నిలబడ్డోళ్ల నోట్లోంచి వచ్చే మొదటి మాట "పంపు పోయింది". ఆపరేటర్ అదే అంటడు, పక్క క్వారీ ఓనర్‌కు ఫోన్ చేస్తే ఆయనా అదే అంటడు. మానిటర్ మీద ఏదన్న కోడ్ కనబడితే మాత్రం మాట మారుతది: "సెన్సార్ పోయింది". పంపు విప్పుడు లక్షల మీద పని, సెన్సార్ మార్చుడు వేల మీద పని. అవేవీ పని చేయకపోతే అప్పుడు ఎలక్ట్రీషియన్ యాదికొస్తడు. నేను ఆ చివరి వరుసలో ఫోన్ వచ్చే మనిషిని.

ఉండేది హన్మకొండలో. పని నేర్చుకున్నది లారీల మీద: స్టార్టర్, ఆల్టర్నేటర్, లైట్ల వైరింగ్. 2015లో మిషన్ కాకతీయ మొదలై, రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు బాగు చేయాలని పూడిక తీసుడు షురూ అయినప్పుడు ఊరూరికీ బండ్లు దిగినయి. చెరువులో దిగిన బండి అక్కడే ఆగిపోతే దాన్ని షెడ్డుకు తెచ్చే వీలు ఉండదు, మనమే పోవాలె. అట్ల పోయి పోయి కంట్రోలర్, అంటే బండిని నడిపించే కంప్యూటర్ డబ్బా, ఉన్న బండ్ల వైరింగ్ చేతికి అలవాటైంది. లారీలో లైటు వెలగకపోతే వైరు పట్టుకొని పోతే దొరుకుతది. ఈ బండ్లలో వైరు ఒక దగ్గర తెగితే కోడ్ ఇంకో దగ్గర చూపిస్తది. ఇప్పుడు చెప్పే ముచ్చట కూడా అసుంటిదే.

ఎండాకాలం నడిమిట్ల ఫోన్ వచ్చింది. హుజూరాబాద్ దాటినంక కరీంనగర్ దిక్కు ఒక గ్రానైట్ క్వారీ, ట్యాన్ బ్రౌన్ రాయి తీసేది. బండి 20 టన్నులది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఫైనాన్స్ కిస్తీలు ఇంకా నడుస్తున్నయి.

"తమ్మీ, పొద్దుగాల గుర్రం లెక్క ఉరుకుతది. పది దాటిందంటే ఊపిరి పోయినట్టు అయితది. కీ బంద్ చేసి మల్ల స్టార్ట్ చేస్తే జర సేపు మంచిగనే ఉంటది, మల్ల గదే కత. మెకానిక్ వచ్చి సెన్సార్ మార్చిండు, ఏం ఫరక్ లేదు. ఇప్పుడు పంపు దించాలంటున్నరు. దించేముందు నువ్వొకసారి చూసిపో."

"సెన్సార్ మార్చే ముందు మీటర్ పెట్టి చూసిన్రా అన్నా?"

"గదంత నాకేం ఎరుక. కోడ్ సెన్సార్‌ది వచ్చిందట, మార్చిండట."

పోయినంక నేను ముందు బండి ముట్టుకోను. ఆపరేటర్‌ను నీడకు కూసోబెట్టి అడుగుత. పొద్దంతా ఆ సీటు మీద ఉండేది ఆయనే, బండి గొంతు మారితే ముందు తెలిసేది ఆయనకే. ఈ పిల్లగాడు జార్ఖండ్ నుంచి వచ్చిండు. బూమ్ ఒక్కటే నెమ్మదిస్తదా, స్వింగ్ (పైభాగం తిరుగుడు), బండి నడిచే చైన్లు కూడానా? మెల్లమెల్లగా తగ్గుతదా, ఒక్కసారే పడిపోతదా? ఇంజన్ చప్పుడు మారుతదా? ఆ సమయానికి ఏం పని చేస్తున్నవు?

"గరం హోనే కే బాద్, ఉస్తాద్. బూమ్ ఉఠాతే టైమ్ ఝట్కా లగ్తా, ఫిర్ సబ్ స్లో. ఇంజన్ భీ బైఠ్ జాతా."

ఈ రెండు ముక్కల్లోనే సగం పని అయిపోయింది. పంపు అరిగిన బండి నూనె కాగినకొద్దీ మెల్లగా సన్నగిల్లుతది. ఒక్క ఝట్కాతో పడిపోయి, కీ తిప్పంగనే మల్ల లేసి నిలబడదు. అన్ని పనులూ ఒక్కసారే నెమ్మదించినయి కాబట్టి ఒక్క వాల్వు తప్పు కాదు. అన్నిటికన్నా పెద్ద గుర్తు ఇంజన్ రేస్ కూడా పడిపోవుడు. పంపు ప్రెషర్ సెన్సార్ ఒక్కటే పోతే థ్రాటిల్ డయల్ పెట్టిన రేస్ ఎందుకు తగ్గాలె?

అప్పుడు మానిటర్ దగ్గరికి పోయిన. సర్వీస్ మెనూలోకి పోయే దారి ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు ఉంటది, కానీ పాత కోడ్ల జాబితా, ఒక్కో కోడ్ ఎన్ని గంటల మీటర్ మీద పడ్డదన్న లెక్క చాలా బండ్లలో దొరుకుతది. తెర మీద పెద్దగా కనబడే కోడ్ ఒక్కటే: ముందు పంపు ప్రెషర్ సెన్సార్. అందరూ దాన్నే పట్టుకున్నరు. లోపల చూస్తే అదే గంట మీద నాలుగు ఉన్నయి: ముందు పంపు ప్రెషర్, వెనుక పంపు ప్రెషర్, ట్రావెల్ పైలట్ ప్రెషర్ (చైన్లు నడపమని లివర్ నుంచి వాల్వుకు పోయే చిన్న ప్రెషర్), థ్రాటిల్ డయల్. దానికి ముందు పడ్డ రోజు చూస్తే అవే నాలుగు, మల్ల ఒకే గంట మీద.

జె1939 అని పెద్ద బండ్ల కంట్రోలర్లు మాట్లాడుకునే పద్ధతి ఒకటి ఉన్నది, ఆ పద్ధతిలో కోడ్ చూపించే బండ్లలో కోడ్‌కు రెండు ముక్కలుంటయి. ఎస్‌పీఎన్ అనేది ఏ కొలతకు సంబంధించిందో చెప్తది, ఎఫ్‌ఎంఐ అనేది దానికి ఏమైందో చెప్తది. 3 అంటే వోల్టేజి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, 4 అంటే తక్కువ. 5 అంటే కరెంటు తక్కువ లేదా సర్క్యూట్ తెగింది, 6 అంటే కరెంటు ఎక్కువ లేదా ఎర్త్ తగిలింది. 2 అంటే రీడింగ్ నిలకడగా లేదు. చాలామంది మొదటి ముక్క పేరు చదివి కొత్త సెన్సార్‌కు ఫోన్ చేస్తరు. నాకు రెండో ముక్కే కావాలె, ఎందుకంటే కంట్రోలర్‌కు సెన్సార్ కనబడదు, తన పిన్ను మీద ఉన్న వోల్టేజి ఒక్కటే కనబడతది. ఆ వోల్టేజి తేడా రావడానికి సెన్సార్ కారణం కావొచ్చు, మధ్యలో ఉన్న వైరు, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), ఎర్త్, ఏదైనా కావొచ్చు. ఈ బండిలో నాలుగింటి పక్కనా ఉన్నది 4.

ఇక్కడ సెన్సార్ ఎట్ల పని చేస్తదో చెప్పాలె. బండిలో ఉండేది 24 వోల్టులు, 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కట్టినవి. ప్రెషర్ సెన్సార్లకు మాత్రం ఆ 24 పోదు. కంట్రోలర్ లోపలే 5 వోల్టులు తయారు చేసి పంపుతది. మూడు వైర్ల సెన్సార్‌లో ఒకటి ఈ 5 వోల్టులు, ఒకటి ఎర్త్, నడిమిది సిగ్నల్. ప్రెషర్ ఏమీ లేకపోతే సిగ్నల్ 0.5 వోల్టు, ఆ సెన్సార్ కొలవగలిగే అంత ప్రెషర్ వస్తే 4.5 వోల్టులు. సున్నా ప్రెషర్‌కు సున్నా వోల్టు పెట్టకపోవుడు కావాలని చేసిందే. వైరు తెగినా సున్నానే వస్తది కదా, రెంటికీ తేడా తెలవాలె. అందుకే సిగ్నల్ 0.5 కన్నా బాగా కిందికి పోయినా, 4.5 కన్నా బాగా పైకి పోయినా అది ప్రెషర్ కాదు, వైరింగ్‌లోనో సెన్సార్‌లోనో లోపం అని కంట్రోలర్ రాసుకుంటది. థ్రాటిల్ డయల్ లోపల ప్రెషర్ లేకున్నా, అదీ అవే 5 వోల్టుల మీద నడిచే తిప్పుడు రెసిస్టెన్సే.

పంపు దగ్గర రెండు, వాల్వు దగ్గర ఒకటి, క్యాబిన్‌లో ఒకటి. నాలుగు వేరే వేరే చోట్ల ఉన్నవి ఒకే ఝట్కాలో పాడు కావు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది 5 వోల్టుల వైరు, లేదంటే ఎర్త్ వైరు. సెన్సార్ ఎర్త్ తెగితే సిగ్నల్ 5 వోల్టుల వైపు లేస్తది, అప్పుడు 3 పడాలె. మేడారం పోయే తొవ్వలో పని చేస్తున్న ఒక బండిలో అట్ల అన్నీ 3లే పడ్డయి. పోయి చూస్తే ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు. గీకి బిగిస్తే అయిపోయింది. ఇక్కడ అన్నీ 4 కాబట్టి 5 వోల్టులే కూలుతున్నయి.

ఓనర్‌కు ఇది చెప్తే ఒప్పుకోలే. "ఫ్యూజులన్నీ మంచిగున్నయట కదా. షార్ట్ అయితే ఫ్యూజు కొట్టాలె." మామూలు వైరింగ్‌లో ఆయన మాట నిజమే. కానీ ఈ 5 వోల్టుల లైనుకు కంట్రోలర్ లోపలే కాపుదల ఉంటది. ఎర్త్ తగిలితే కరెంటును తనే అదుపు చేసి వోల్టేజి వదిలేస్తది, తగులుడు పోతే మల్ల ఇస్తది. పొగ రాదు, ఫ్యూజు కొట్టదు, వాసన కూడా ఉండదు. మెకానిక్ బండి ఆగినంక మీటర్ పెట్టి ఉంటే కూడా ఆయనకు 5 వోల్టులు నిండుగా కనబడేవి.

అయినా పంపు మీద అనుమానం తీరకుండా వైరింగ్ వెతికితే రేపు మల్ల అదే పంచాయితీ. అందుకని ముందు పంపు సంగతే తేల్చిన. బకెట్ నేల మీద పెట్టి, ఇంజన్ బంద్ చేసి, కీ ఆన్‌లో ఉంచి లివర్లన్నీ అన్ని దిక్కులా ఆడించి లోపల ప్రెషర్ దించి, హైడ్రాలిక్ ట్యాంకు మీద గాలి కూడా వదిలినంకనే టెస్ట్ పోర్టుకు గేజి బిగించినం. ఇది ఆదరబాదరగా చేసే పని కాదు. చదరపు సెంటీమీటరుకు 350 కేజీల ప్రెషర్ మీద ఉన్న నూనె సూది మొనంత సందులోంచి వచ్చినా చర్మంలోకి దిగుతది, చేయి తీసేసే దాకా పోయినోళ్లు ఉన్నరు. లీకు ఎక్కడుందో చేత్తో తడుముడు అసలే వద్దు.

నూనె బాగా కాగేదాక పని చేయించి, బకెట్‌ను పూర్తిగా లోపలికి ముడిచి లివర్ పట్టుకొమ్మన్న. గేజి 345 దాటి నిలబడ్డది. ఈ తరగతి బండికి మెయిన్ రిలీఫ్, అంటే ప్రెషర్ హద్దు దాటకుండా వదిలే వాల్వు, 350 కేజీల దగ్గర ఉంటది, అంటే 34.3 మెగాపాస్కల్. సెన్సార్ 50 మెగాపాస్కల్‌ది. 0.5 నుంచి 4.5 దాకా ఉన్న 4 వోల్టులను 50 మీద పంచితే, 34.3కి 2.74 వోల్టులు, దానికి అడుగున ఉన్న 0.5 కలిపితే 3.24. నా మీటర్ మీద సిగ్నల్ వైరు 3.2 చూపించింది. గేజి ఎంత చెప్తుందో సెన్సార్ కూడా అంతే చెప్తుంది. పైలట్ లైను సెన్సార్ 5 మెగాపాస్కల్‌ది, 40 కేజీలకు 3.6 వోల్టుల దాకా రావాలె, అదీ వచ్చింది. ఈ లెక్క కాగితం మీద రాసుకొని పెట్టుకుంటే ఏ బండికైనా పనికొస్తది, సెన్సార్ మీద రాసిన రేంజి ఒక్కటి చూసుకోవాలె.

ప్రెషర్ వచ్చినంత మాత్రాన పంపు మంచిదని చెప్పలేం. అరిగిన పంపు కూడా సిలిండర్ చివర ఆగిన దగ్గర రిలీఫ్ దాకా లేపుతది, నడకలో నూనె సరిపోక నెమ్మదిస్తది. కాబట్టి వేగం కూడా చూసినం. బూమ్ కింది నుంచి పైదాకా లేసే సెకన్లు, ఒక పక్క చైన్‌ను బకెట్ ఊతంతో గాల్లోకి లేపి మూడు చుట్లు తిరిగే సెకన్లు, రెండో పక్క అట్లనే. పుస్తకంలో ఇచ్చిన లోపలనే ఉన్నయి, రెండు చైన్లకూ తేడా లేదు. ఓనర్ స్వయంగా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూసిండు. ఆ తర్వాత ఆయన నోట పంపు మాట రాలే.

ఇప్పుడు అసలు దొంగను పట్టాలె. 5 వోల్టులు కూలే క్షణంలో చూడాలె, కూలి లేచినంక చూస్తే ఏం లాభం లేదు. థ్రాటిల్ డయల్ కూడా అదే లైను మీద ఉన్నది కాబట్టి క్యాబిన్‌లోనే దాని కప్లర్ దొరికింది, పంపు దాకా పొడుగు వైర్లు గుంజే బాధ తప్పింది. వైరు పైతొడుగుకు పొడవకుండా కప్లర్ వెనుక నుంచి సన్నటి గుండుసూదులు జొనిపి మీటర్ పెట్టిన, అన్నిటికన్నా తక్కువ, ఎక్కువ రీడింగులను గుర్తుపెట్టుకునే మిన్ మ్యాక్స్ బటన్ నొక్కిన. పైతొడుగు పొడిస్తే ఆ చిల్లు నుంచి తర్వాత వానకాలంలో తడి పోయి రాగి పచ్చబడతది, ఇంకో రోగం మనమే పెట్టినట్టయితది.

మీటర్ ఒక్కటే నమ్మదగ్గది కాదు. తక్కువ ధర మీటర్లు సెకనుకు రెండు మూడు సార్లే రీడింగ్ తీస్తయి, మధ్యలో కనురెప్ప కొట్టినంత సేపు పడిపోతే పట్టుకోవు. అందుకని దాని పక్కన ఒక చిన్న ఎల్‌ఈడీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి, 5 వోల్టులకు ఎర్త్‌కు మధ్య తగిలించిన. అది తాగే కరెంటు మూడు మిల్లీ ఆంపియర్లు, లైనుకు భారం కాదు. మొత్తం ఖర్చు పది రూపాయలు దాటదు. ఇక్కడ 24 వోల్టుల టెస్ట్ ల్యాంప్ మాత్రం పెట్టొద్దు. హెడ్‌లైట్ వైరుకు అది మంచి పరీక్షే, ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరును కూడా అది పట్టిస్తది. కానీ పొరపాటున 24 వోల్టులు సెన్సార్ లైనుకు తగిలిందంటే సెన్సార్లు, కంట్రోలర్ కలిసి పోతయి.

పిల్లగాడు బండి ఎక్కి పనిలో పడ్డడు. నేను క్యాబిన్ తలుపు పక్కన చైన్ మీద నిలబడదామనుకుంటే ఆపరేటర్ ఊకోలే, మంచిపని చేసిండు. ఫోన్‌ను కెమెరా ఆన్ చేసి ఎల్‌ఈడీ ముందర పెట్టి కిందికి దిగిన. ఎండ నడినెత్తికి వచ్చేసరికి బండి ఒక పెద్ద బ్లాకును పక్కకు ఒరగదోసి బూమ్ లేపింది, ఇంజన్ గొంతు పడిపోయింది. ఫోన్‌లో చూస్తే అదే క్షణంలో ఎల్‌ఈడీ ఆరి మల్ల వెలిగింది. మీటర్‌లో మినిమమ్ 0.3. ఎల్‌ఈడీ వెలిగినంక కూడా బండి లేవలే. ఈ బండి కంట్రోలర్ ఒకసారి లోపం రాసుకున్నదంటే కీ బంద్ చేసేదాక సెన్సార్లను నమ్మదు, ఇంజన్‌నూ పంపునూ ఒక కట్టుబాటు లెక్క మీద నడిపిస్తది. కీ తిప్పితే బండి ఎందుకు బాగైందో, మెకానిక్ మీటర్‌కు 5 వోల్టులు ఎందుకు నిండుగా దొరికేవో రెండూ ఒక్క దెబ్బకు తేలినయి.

ఇక్కడి నుంచి పని కొమ్మలు విరిచి చూసుడే. 5 వోల్టుల లైను కంట్రోలర్ నుంచి బయలుదేరి మూడు పాయలయితది: ఒకటి క్యాబిన్‌లో డయల్‌కు, ఒకటి వెనుక పంపు గదికి, ఒకటి నడిమిట్ల కంట్రోల్ వాల్వు దగ్గర పైలట్ సెన్సార్లకు. పంపు గదికి పోయే కప్లర్ విప్పి పని చేయించినం. ఆ సెన్సార్లు లేవని కంట్రోలర్ కోడ్లు వేసి గోల పెట్టింది, బండి ఆ కట్టుబాటు లెక్క మీదనే కుంటింది, కుంటనీ. నాకు కావాల్సింది ఎల్‌ఈడీ. అది మల్ల రెప్ప కొట్టింది. అంటే తప్పు పంపు గదిలో లేదు, కొత్తగా కొన్న సెన్సార్ ఉన్న దిక్కే కాదు. ఆ కప్లర్ పెట్టేసి వాల్వు దిక్కు పాయ విప్పినం. అన్నం తిని వచ్చి, ఎండ వాలేదాక బండి నడిచినా ఎల్‌ఈడీ కదలలే.

వాల్వు దిక్కు ట్రావెల్ పైలట్, స్వింగ్ పైలట్ సెన్సార్లు ఉన్నయి. స్వింగ్ సెన్సార్‌కు కోడ్ ఎందుకు పడలే? అది ఈ బండిలో వేరే సరఫరా మీద ఉన్నది, సర్క్యూట్ బొమ్మ చూస్తే తెలిసింది. బొమ్మ లేకుండా ఈ పనికి కూసోవద్దు. మిగిలింది ట్రావెల్ సెన్సార్, దాని వైరు. కొన్ని సెన్సార్లు లోపల షార్ట్ అయి లైను మొత్తాన్ని గుంజేస్తయి, వేడెక్కితేనే అట్ల చేసేవీ ఉన్నయి. అందుకని సెన్సార్‌ను విడగొట్టి, దాని వైరును మాత్రం లైనుకు కలిపే ఉంచి, పొద్దున మల్ల పని చేయించినం. నూనె కాగినంక ఎల్‌ఈడీ మల్ల ఆరింది. సెన్సార్ లేకున్నా లైను కూలిందంటే తప్పు వైరుదే.

ఇంజన్ బంద్ చేసి, కీ ఆన్‌లో ఉంచి, పైన కవర్లు విప్పి, కట్టె పుల్లతో వైరు గుత్తిని మొదటి నుంచి ఒత్తుకుంట వచ్చిన. నాతో వచ్చిన మా పోరడు క్యాబిన్‌లో ఎల్‌ఈడీ చూస్తుండు. కంట్రోల్ వాల్వు మీద బూమ్ హోస్ పైపుల కింద నుంచి పోయే చోట ఒత్తంగనే "ఆరింది అన్నా!" అని కేక పెట్టిండు. వదిలితే వెలిగింది. ఒత్తితే ఆరింది. చేయి పెట్టి తీస్తే, వైరు గుత్తిని హోస్ పైపుకు కలిపి ఇనుప బైండింగ్ వైరుతో కట్టి ఉన్నది. స్లాబ్ ఊసలు కట్టే అదే వైరు.

అడిగితే కత బయటపడ్డది. కొన్ని నెలల కింద ఆ హోస్ పగిలింది. పైపు మార్చినప్పుడు పాత క్లిప్పు విరిగిపోయి, వైరు గుత్తి వేలాడుతుంటే చేతికి దొరికిన వైరుతో కట్టేసిన్రు. కట్టినోళ్లను నేను తప్పు పట్ట. క్వారీలో ప్లాస్టిక్ ట్యాగులు దొరకయి, రాయి ఎత్తే లారీ నిలబడి ఉంటది, ఓనర్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటడు. కానీ హైడ్రాలిక్ హోస్ ఊరికే పడి ఉండే వస్తువు కాదు. ప్రెషర్ ఎక్కంగనే ఎగిరి కొట్టుకుంటది, బరువు లేపిన ప్రతిసారీ కట్టును గుంజుతది. పొద్దుగాల చల్లగున్నప్పుడు వైర్ల పైతొడుగు గట్టిగా ఉంటది, ఇనుము దాంట్ల దిగదు. నూనె కాగి హోస్ చేయి పెట్టనీయనంత వేడెక్కినంక పైతొడుగు మెత్తబడి, ఇనుప తీగ లోపలికి దిగి రాగిని ముడుతది. తీగ రెండో కొస వాల్వు బాడీకి ఆని ఉన్నది. బూమ్ ఝట్కాకు తగిలి, ఝట్కా పోంగనే విడిపోతది. ఫ్లెక్సిబుల్ తొడుగు విప్పి చూస్తే మూడు వైర్లకూ గాట్లు ఉన్నయి, 5 వోల్టుల వైరుది మాత్రం రాగి దాకా దిగింది. సిగ్నల్ వైరుకు ఇంకొంత తొడుగు మిగిలి ఉన్నది కాబట్టి బతికిపోయింది.

క్వారీలల్ల వైరింగ్ పాడయ్యే తీర్లు ఇంకా ఉన్నయి. బకెట్ పళ్లకు, సైడ్ ప్లేట్లకు వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీయరు, ఎర్త్ క్లాంపును ఎక్కడో చైన్ దగ్గర తగిలిస్తరు. వెల్డింగ్ కరెంటు పిన్నులు, బేరింగులు, సెన్సార్ ఎర్తులు, అన్నిట్లోంచి తొవ్వ వెతుక్కుంటది. బ్యాటరీ తీసి, కంట్రోలర్ కప్లర్లు విప్పి, క్లాంపును వెల్డింగ్ చేసే ముక్కకే పెడితే ఏ గొడవా లేదు. వరి కోతలప్పుడు పొలం గట్టు మీద నిలబెట్టిన బండ్ల సంగతి వేరు, అక్కడ ఎలుకల పండుగ. పరకాల దిక్కు ఒక బండిలో సీటు వెనుక వైర్లను ఎంత సఫాయిగా కొరికినయంటే కట్టర్‌తో కోసినట్టే ఉన్నది. అదొక రకంగా నయం, కంటికి కనబడతది.

మరమ్మతు పని చిన్నదే కానీ తొందర పనికిరాదు. గాటు పడ్డ మేర మూడు వైర్లనూ కోసి, అదే మందం వైరు ముక్కలు వేసి, క్రింపు స్లీవులతో నొక్కి, పైన జిగురు ఉండే హీట్ స్లీవ్ వేసి కాల్చిన. మెలేసి టేపు చుడితే ఈ కంపనానికి నిలబడదు. మూడు అతుకులూ ఒకే చోట రాకుండా కొంచెం వెనుకా ముందూ పెట్టిన, లేకపోతే గుత్తి అక్కడ లావై మల్ల హోస్‌కు రాసుకుంటది. కొత్త ఫ్లెక్సిబుల్ తొడుగు వేసి, గుత్తిని హోస్ మీద నుంచి తప్పించి బాడీకి రబ్బరు ఉన్న క్లిప్పులతో బిగించిన. కప్లర్ ఆడ పిన్నులలో ఒక విడి పిన్ను దూర్చి బిగువు చూసిన. రాతి పొడి దూరిన చోట ఇవి వదులవుతయి, మీటర్‌కు అన్నీ మంచిగనే కనబడి బండి కదిలినప్పుడు వదిలేస్తయి. ఇవి బాగానే ఉన్నయి.

కోడ్లన్నీ చెరిపి, ఎల్‌ఈడీ, మీటర్ అట్లనే ఉంచి మల్ల ఎండ దిగేదాక పని చేయించినం. పెద్ద బ్లాకులే ఏరుకొని ఒరగదోయమన్న. మినిమమ్ రీడింగ్ 4.96 కాడనే ఆగింది, కొత్త కోడ్ ఒక్కటీ పడలే. ఆ సాయంత్రం పిల్లగాడు, నేను, మా పోరడు కలిసి బండి చుట్టూ తిరిగి ఇనుప కట్లన్నీ వెతికినం. బూమ్ కాలి దగ్గర వర్క్ లైట్ వైరుకు ఒకటి, స్వింగ్ మోటార్ పక్కన ఇంకొకటి దొరికినయి. రెండూ కోసి ట్యాగులు వేసినం, ఒక ట్యాగుల ప్యాకెట్టు క్యాబిన్‌లో వదిలిన.

మిగిలింది మొదట్ల మెకానిక్ తీసేసిన పాత ప్రెషర్ సెన్సార్. ఓనర్ దాన్ని చెత్తలో వేయక కాగితంలో చుట్టి పెట్టిండు. అడిగి తీసుకొని, ప్రెషర్ దించి, వెనుక పంపుకు బిగించి బకెట్ ముడిపిస్తే పక్క సెన్సార్‌తో సమానంగా 3.2 చూపించింది. దాన్ని మల్ల కాగితంలోనే చుట్టి, "మంచిది, స్పేర్" అని రాసి టూల్ బాక్సులో వేసిన.